ఈహెచ్ఎస్ కార్డు మీద ఉద్యోగికి నమ్మకం ఎందుకు కుదరలేదు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగి పే స్లిప్పులో ఏపీజీఎల్ఐ, జీఐఎస్ అనే బీమా కోతలు, వృత్తి పన్ను వరుసలోనే ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) అని ఒక కోత కనిపిస్తుంది. పే గ్రేడును బట్టి నెలకు 225 రూపాయలు, లేదా 300. ఏడాదికి 2,700 గానీ 3,600 గానీ. ఇంత తక్కువ డబ్బుకు భార్యాభర్తలకూ, పిల్లలకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ కలిపి, వయసు చూడకుండా, అప్పటికే ఉన్న జబ్బుల చిట్టా అడగకుండా ఆసుపత్రి ఖర్చు భరిస్తామనే పాలసీ బయట ఏ కంపెనీ దగ్గరా దొరకదు. అయినా ఏ స్టాఫ్ రూములోనైనా, ఏ తహసీల్దారు ఆఫీసులోనైనా ఈ మాట కదిపి చూడండి. "కార్డుందండీ, అవసరానికి పనికొస్తుందన్న నమ్మకమే లేదు" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

ఈ అపనమ్మకానికి రెండు తేలిక సమాధానాలు చలామణీలో ఉన్నాయి. ఉద్యోగులకు పథకం గురించి అవగాహన లేదన్నది ఒకటి. అన్నీ ఉచితంగా రావాలనుకుంటారు, చందా అనగానే గొడవ చేస్తారన్నది రెండోది. రెండూ తప్పే. చందా కట్టడానికి ఉద్యోగి ఎప్పుడో ఒప్పుకున్నాడు. రాత్రి పదకొండింటికి నాన్నకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, కార్డు చూపించగానే లోపలికి తీసుకుంటారా, లేక ముందు అడ్వాన్సు కట్టమంటారా అన్నదే అతని ప్రశ్న. పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు ఆ ఆసుపత్రికి పాత బిల్లులు ఎన్నాళ్లకు చెల్లించిందో దాన్ని బట్టి ఉంటుంది దీనికి జవాబు. మన ఉద్యోగ సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఆ సంగతి ఎక్కడో అడుగున ఉంటుంది. ముందు మనం కట్టి తర్వాత ప్రభుత్వం నుంచి తిరిగి తీసుకునే మెడికల్ రీయింబర్స్‌మెంట్ గడువు పొడిగించాలన్నది మాత్రం పైన ఉంటుంది. ఈ వరుస తలకిందులు కావాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

చందా ఎప్పుడూ అడ్డు కాలేదు

మొదట ఉన్నది 1972 నాటి ఏపీఐఎంఏ రూల్స్, అంటే ఉద్యోగుల వైద్య ఖర్చుల నిబంధనలు. ఉద్యోగి తన డబ్బుతో వైద్యం చేయించుకుని బిల్లులు పెడితే ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. చేతిలో డబ్బు, అప్పు పుట్టే పరపతి ఉన్నవాళ్లకు ఆ పద్ధతి ఎలాగో సాగింది. ఆఫీస్ సబార్డినేట్‌కూ, నైట్ వాచ్‌మన్‌కూ సాగలేదు. వాళ్లు బంగారం కుదువ పెట్టి ఆపరేషన్ చేయించుకుని, బిల్లు డబ్బు వచ్చేదాకా వడ్డీ కట్టేవాళ్లు. అందుకే డబ్బు కట్టనక్కర్లేని వైద్యం కావాలని సంఘాలే పట్టుబట్టాయి. 2013 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో ఈహెచ్ఎస్ వచ్చింది. కింది గ్రేడుల వాళ్లకు 90, పై గ్రేడుల వాళ్లకు 120 రూపాయల చందా. నిర్వహణ ఆరోగ్యశ్రీ ట్రస్టుకు అప్పగించారు. ఒక్కో జబ్బు విడతకు 2 లక్షల వరకు వైద్యం, కింది గ్రేడులకు సెమీ ప్రైవేటు వార్డు, పై గ్రేడులకు ప్రైవేటు వార్డు.

రాష్ట్రం విడిపోయాక దారులు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ చందా పద్ధతినే కొనసాగించి, 2022 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత 90ని 225కు, 120ని 300కు పెంచింది. తెలంగాణ 2014 చివర్లో చందా లేకుండానే పథకం మొదలుపెట్టింది. తర్వాత ఓపీ చూసి మందులిచ్చే వెల్‌నెస్ సెంటర్లు ఖైరతాబాద్‌తో మొదలుపెట్టి తెరిచింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. చందానే అసలు సమస్య అయితే, రూపాయి కూడా తీసుకోకుండా పథకం మొదలుపెట్టిన తెలంగాణలో ఉద్యోగులు సంతృప్తిగా ఉండి ఉండాలి. అలా జరగలేదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో కార్డు చెల్లడం లేదన్న ఫిర్యాదు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. 2021లో బయటికొచ్చిన తెలంగాణ పీఆర్సీ నివేదిక మూలవేతనంలో 1 శాతం చందాగా తీసుకోమంది. మూలవేతనం 40,000 ఉన్న ఉద్యోగికి 400, 90,000 ఉన్నవాళ్లకు 900. ఉద్యోగ సంఘాలు దీనికి అడ్డం తిరగలేదు. తీసుకోండి, కానీ కార్డు నడిచేలా చూడండి అన్నాయి. ఉచితంగా వస్తున్నదాన్ని వదిలి డబ్బు కడతామని ముందుకొచ్చిన వాళ్లను ఉచితాలకు అలవాటుపడ్డారని ఎలా అంటాం?

అలాగని చందా పెంచితే చాలు, అంతా బాగుపడుతుందనుకోవడమూ పొరపాటే. ఇంకో రాష్ట్రం చూడండి. కేరళ 2022 జులైలో మెడిసెప్ మొదలుపెట్టింది. నెలకు 500, హోదాతో పని లేకుండా అందరికీ ఒకటే చందా, ఏడాదికి 3 లక్షల కవరేజీ, బీమా కంపెనీ ద్వారా. మన కంటే ఎక్కువ కట్టారు. అయినా పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు జాబితాలో చేరలేదనీ, చేరినవి కూడా కొన్ని విభాగాలకే ఒప్పుకున్నాయనీ అక్కడి ఉద్యోగులూ పింఛనుదారులూ మొదటి నుంచీ మొత్తుకున్నారు. ట్రస్టు నడిపినా, బీమా కంపెనీ నడిపినా, చందా 225 అయినా 500 అయినా గొడవ మాత్రం ఆసుపత్రి కౌంటర్ దగ్గరే తేలుతోంది.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

కాగితం మీద వరుస ఇది. పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రిలో ట్రస్టు తరఫున ఒక డెస్కు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అక్కడ కూర్చునే వ్యక్తి వైద్యమిత్ర, తెలంగాణలో ఆరోగ్యమిత్ర. కార్డు చూపిస్తే పేరు నమోదు చేస్తారు. డాక్టరు చూసి, పరీక్షలు చేయించి, చేర్చుకోవాలంటే ఆసుపత్రి వాళ్లు రిపోర్టులూ స్కానులూ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపి ముందస్తు అనుమతి అడుగుతారు. ట్రస్టు డాక్టర్లు చూసి ఆమోదిస్తే వైద్యం మొదలవుతుంది. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పంపొచ్చు. డిశ్చార్జి రోజు పది రోజులకు సరిపడా మందులిచ్చి పంపాలి. ఆ తర్వాత ఆసుపత్రి క్లెయిమ్ పెట్టుకుంటుంది. ఈ మొత్తంలో రోగి జేబులోంచి ఏమీ పోకూడదు.

చెడేది ఎక్కడంటే, చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే. "ఈ కార్డు మా దగ్గర నడవదు" అని ఎవరూ సూటిగా చెప్పరు. "ఈహెచ్ఎస్ బెడ్లు నిండిపోయాయి" అంటారు. "ఆ డాక్టరు గారు ఈ స్కీములో చెయ్యరు" అంటారు. "ఈ ప్రొసీజర్ ప్యాకేజీలో లేదు" అంటారు, అంటే పథకం ధర కట్టిన చికిత్సల జాబితాలో లేదని. "అప్రూవల్ రావడానికి మూడు రోజులు పడుతుంది, ఆలోగా ఏమైనా అయితే మాకు సంబంధం లేదు" అంటారు. ఈ చివరి మాట విన్నాక ఏ కొడుకూ కార్డు పట్టుకుని నిలబడడు. క్రెడిట్ కార్డు తీస్తాడు.

ఇవన్నీ నోటిమాటలు. అందుకే వీటికి ఆధారం ఉండదు, ట్రస్టు లెక్కల్లో తిరస్కరణ కింద నమోదు కావు. ట్రస్టు దగ్గర ఉండేది ఆమోదించినవీ తిప్పి పంపినవీ మాత్రమే. కౌంటర్ దగ్గరే వెనక్కి తిరిగిన వాళ్లు ఏ లెక్కలోనూ లేరు. ప్రభుత్వం "ఇన్ని వేల మందికి వైద్యం అందించాం" అంటే ఆ సంఖ్య నిజమే అయ్యుంటుంది. ఉద్యోగి "నాకు అందలేదు" అంటే అదీ నిజమే.

ఇక రెండో చోటు: చేర్చుకున్నాక అదనపు వసూళ్లు. స్టెంటో, మోకాలి కీలో పెట్టేటప్పుడు "ప్యాకేజీలో వచ్చేది మామూలు రకం, మంచిది కావాలంటే తేడా కట్టాలి" అని ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఆ కాగితం జాగ్రత్తగా చదవండి. ప్యాకేజీలో వచ్చే వైద్యం గురించి తెలిసే, స్వచ్ఛందంగా మెరుగైన పరికరం కోరుకుంటున్నానని అందులో ఉంటుంది. ఒకసారి సంతకం పెట్టాక ఫిర్యాదుల నంబరు 104కు ఫోన్ చేసినా, ట్రస్టుకు రాసినా చేసేదేమీ ఉండదు. ప్యాకేజీలో వచ్చే పరికరం ఏ కంపెనీది, ఏ రకం అని ముందు అడగండి. డాక్టరు అది సరిపోదంటే ఎందుకు సరిపోదో కేస్ షీట్‌లో రాయమనండి. రాయడానికి ఇష్టపడకపోతే ఆ తేడా వైద్యపరమైనది కాదన్నమాట.

మూడో రకం ఇబ్బంది మన చేతుల్లోనే ఉంది, కాబట్టి దాన్ని దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. కార్డులో తప్పులు. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో ఇంటి పేరు, కార్డులో పొట్టి అక్షరాలు. తల్లి పుట్టిన తేదీ లేదు. రెండో పాప పుట్టి ఆరేళ్లయినా కార్డులో చేర్చలేదు. పెళ్లయిన కూతురి పేరు ఇంకా ఉంది, ఉద్యోగం వచ్చిన కొడుకు పేరు ఉంది. నిరుద్యోగి అయిన కొడుకును 25 ఏళ్లు నిండేవరకే ఆధారపడినవాడిగా చూస్తారు. పెళ్లి కాని, సంపాదన లేని కూతురికి ఆ వయసు పరిమితి లేదు. తల్లిదండ్రుల విషయంలో కన్నవారా, దత్తత తీసుకున్నవారా అన్నది ఒకటే ఎంచుకోవాలి. మార్పులన్నీ ఉద్యోగి లాగిన్‌లో పెట్టి, జీతం బిల్లులు చేసే అధికారి (డీడీవో) ఆమోదంతో జరగాలి. ఇది తీరిక ఉన్న రోజున చేసుకోవలసిన పని. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని డీడీవోకి ఫోన్ చేసి చేయించుకునేది కాదు. రిటైరయ్యేవాళ్లు పింఛనుదారుల కార్డుకు మారే పనిని పింఛను కాగితాలతో పాటే పూర్తి చేసుకోవాలి. ఎందుకంటే కార్డు అవసరం అసలు మొదలయ్యేది అప్పటినుంచే.

ఆసుపత్రి ఎందుకు తప్పించుకుంటుంది

దీన్ని కేవలం కార్పొరేట్ దురాశగా తీసిపారేస్తే పరిష్కారం దొరకదు. దురాశ ఉంది, కానీ లెక్కలూ ఉన్నాయి. ఆసుపత్రికి రెండు విషయాలు ముఖ్యం: ధర, చెల్లింపు గడువు. ధర తక్కువైనా డబ్బు నెలలోపు చేతికొస్తే ఖాళీ బెడ్లు నింపుకోవడానికి చాలా ఆసుపత్రులు ఒప్పుకుంటాయి. ధర బాగున్నా డబ్బు ఏడాదికి వస్తుందంటే ఎవరూ ఒప్పుకోరు. ధర తక్కువ, చెల్లింపు ఆలస్యం రెండూ కలిస్తే మాత్రం కౌంటర్ దగ్గర బెడ్లు ఎప్పుడూ నిండిపోయే ఉంటాయి.

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘాలు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆరోగ్యశ్రీకీ, ఈహెచ్ఎస్‌కీ చెల్లింపులు నడిచేది ఒకే ట్రస్టు గొట్టంలోంచి కాబట్టి, అది మూసుకుపోతే తెల్ల రేషన్ కార్డు ఉన్న కూలీకీ, నెలనెలా చందా కట్టే టీచరుకూ ఒకేసారి తలుపులు మూసుకుంటాయి. చందా కట్టేవాడికి ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటుంది. నా డబ్బు నెలనెలా ఠంచనుగా జీతంలోంచి పోతోంది కదా, అదెక్కడ ఆగుతోంది? దీనికి జవాబివ్వగల ప్రత్యేక ఖాతా, ఏడాదికోసారైనా ఉద్యోగుల ముందు పెట్టే జమాఖర్చుల పత్రం ఉండాలి. ఎంత వసూలైంది, ప్రభుత్వ వాటా ఎంత జమైంది, ఎన్ని క్లెయిముల డబ్బు చెల్లించారు, ఎన్ని పెండింగ్. ఈ నాలుగు అంకెలు కనపడని ఏ బీమా పథకం మీదా కట్టేవాడికి గౌరవం కలగదు.

ధర సంగతికి వస్తే కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ మంచి ఉదాహరణ. 1954లో ఢిల్లీలో మొదలైన పాత పథకం అది. ఇప్పుడు హైదరాబాద్‌తో పాటు విజయవాడ, విశాఖ వంటి చోట్ల కూడా వెల్‌నెస్ సెంటర్లున్నాయి. చందా పే లెవెల్‌ను బట్టి నెలకు 250, 450, 650, 1,000. పై హోదాల వాళ్లకు మన కంటే చాలా ఎక్కువే. కానీ చికిత్స ప్యాకేజీ ధరలు 2014లో కట్టినవి చాలాకాలం అలాగే ఉండిపోయాయి. 2023లో కన్సల్టేషన్‌కు 350, ఐసీయూకు రోజుకు 5,400 అని కొన్ని మార్చారు. పూర్తి సవరణ 2025 అక్టోబరులో గాని రాలేదు. ఆ మధ్య కాలమంతా ఆసుపత్రులు కేంద్ర ఉద్యోగిని కూడా అడ్వాన్సు కట్టమని నిలబెట్టాయి. ధరల్ని పదేళ్లు గడ్డకట్టించి, వైద్యం మాత్రం ఈనాటిది కావాలంటే ఆ తేడా రోగి మీదే పడుతుంది.

కొత్త ధరల అమరికలో తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. ధరను ఊరి శ్రేణిని బట్టి, ఆసుపత్రి గుర్తింపును బట్టి, వార్డును బట్టి లెక్కగడతారు. హైదరాబాద్ మొదటి శ్రేణి. విజయవాడ, విశాఖ, గుంటూరు, వరంగల్, నెల్లూరు రెండో శ్రేణి, అక్కడ 10 శాతం తక్కువ. మూడో శ్రేణి ఊళ్లలో 20 శాతం తక్కువ. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు లేని ఆసుపత్రికి మరో 15 శాతం కోత. అంటే హైదరాబాద్‌లో గుర్తింపున్న ఆసుపత్రికి లక్ష రూపాయలిచ్చే ఆపరేషన్‌కు, విజయవాడలో గుర్తింపులేని ఆసుపత్రికి 76 వేల చిల్లర వస్తుంది. చిన్న ఊరి ఆసుపత్రికి ఖర్చు తక్కువన్నది కొంత నిజమే. కానీ స్టెంటు ధర ఊరిని బట్టి మారదు, కార్డియాలజిస్టును చిన్న ఊరికి రప్పించాలంటే ఎక్కువే ఇవ్వాలి. ఇలాంటి కోతలు పెట్టినప్పుడల్లా జిల్లాల్లోని రోగి హైదరాబాద్ బస్సెక్కక తప్పదు.

రీయింబర్స్‌మెంట్ మీద మనకున్న మమకారం

కార్డు చెల్లకపోయినా రీయింబర్స్‌మెంట్ ఉందిగా అన్న ధీమా ఉద్యోగుల్లో బలంగా ఉంది. ఈహెచ్ఎస్ వచ్చాక పాత పద్ధతి రద్దవుతుందని చెప్పి, మళ్లీ మళ్లీ గడువు పెంచుకుంటూ వచ్చారు. ఆ వెసులుబాటు వద్దని నేననను, కానీ అది ఎవరికి పనికొస్తుందో నిజాయితీగా చూడాలి.

ఒక ఫైలు విప్పి చూద్దాం. పైన డీడీవోకి దరఖాస్తు. దాని కింద అపెండిక్స్-2 ఫారం. చికిత్స చేసిన డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉన్న, ఆ వైద్యం అవసరమేనని చెప్పే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్. అత్యవసరంగా చేరితే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. డిశ్చార్జి సమ్మరీ. విడివిడి బిల్లుల ఒరిజినళ్లు, వాటన్నిటి మొత్తం చూపే పట్టిక. ఆసుపత్రికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్టు ఉత్తర్వు నకలు. తల్లిదండ్రుల కోసమైతే ఆధారపడి ఉన్నారన్న ధ్రువీకరణ. ఈ మొత్తం ఇంతకుముందు డ్రా చేయలేదని డీడీవో ఇచ్చే నాన్-డ్రాయల్ సర్టిఫికెట్. డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోగా ఇదంతా చేరాలి.

ఫైలు ఆగేది ఎక్కువగా చిన్న చిన్న వాటికే. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్‌లో రాసిన మొత్తానికీ, బిల్లుల మొత్తానికీ 200 రూపాయలు తేడా. డిశ్చార్జి సమ్మరీలో 14వ తేదీ, చివరి బిల్లులో 15. మందుల బిల్లు మీద రోగి పేరు లేదు. గుర్తింపు ఉత్తర్వు గడువు చేరిన రోజుకు రెండు వారాల ముందే ముగిసింది. అందుకే డిశ్చార్జి రోజే బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి తేదీలు, పేరు, మొత్తం మూడూ సరిచూసుకోవాలి. ఇంటికెళ్లాక మళ్లీ ఆ డాక్టరు సంతకం దొరకబుచ్చుకోవడం చాలా కష్టం. సమర్పించే ముందు అన్నీ స్కాన్ చేసి ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి, ఆఫీసు ఇన్‌వార్డు నంబరు రాసుకోండి.

అక్కడినుంచి ఫైలు వైద్యాధికారుల పరిశీలనకు వెళుతుంది. చిన్న మొత్తాలు జిల్లా స్థాయిలో, పెద్దవి రాష్ట్ర స్థాయి దాకా. వాళ్లు కట్టిన బిల్లు చూడరు, అనుమతించిన ధరల మేరకే లెక్కగడతారు. మూడు లక్షలు కట్టినవాడికి లక్షన్నర మంజూరైతే అదృష్టమనుకునే పరిస్థితి ఇక్కడే పుడుతుంది. మంజూరు ఉత్తర్వు వచ్చాక ట్రెజరీ బిల్లు, ఆ పైన బడ్జెట్ విడుదల. ఈ దారి పొడవునా వడ్డీ భారం ఉద్యోగిదే. లక్షలు సర్దుకోగలిగిన అధికారికి ఇది ఇబ్బంది, నాలుగో తరగతి ఉద్యోగికి అప్పుల ఊబి. సంఘాల్లో గొంతు బలంగా ఉండేది ఎవరిదో, ఈ పద్ధతి ఎవరికి కాస్తయినా పనికొస్తుందో చూస్తే ఆ డిమాండు పైన ఎందుకుందో అర్థమవుతుంది.

రీయింబర్స్‌మెంట్ పెట్టేవాళ్లు గుర్తుంచుకోవలసిన తీర్పు ఒకటుంది. శివకాంత్ ఝా కేసులో 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లు తిరస్కరించరాదని చెప్పింది. వైద్యం నిజంగా జరిగిందా, రికార్డులు ఉన్నాయా అన్నదే చూడాలంది. ఆ కేసు సీజీహెచ్ఎస్ పింఛనుదారుది. అయినా ప్రాణం మీదికొచ్చినప్పుడు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లినవాళ్లు తమ అప్పీలులో దాన్ని ఉదహరించడం సబబే.

ప్రైవేటు పాలసీ అనే పక్కదారి

యువ ఉద్యోగుల్లో ఇప్పుడు వేరే ధోరణి కనిపిస్తోంది. ఈహెచ్ఎస్‌ను కోతగా వదిలేసి సొంతంగా పాలసీ తీసుకుంటున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి ఆ వైపు మొగ్గు ఇంకా పెరిగింది. తీసుకోవద్దని చెప్పను. కానీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రైవేటు పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. కంటి శుక్లం, హెర్నియా, మోకాలి మార్పిడి వంటివాటికి విడిగా రెండేళ్లో మూడేళ్లో ఆగాలి. గది అద్దె పరిమితి దాటితే డాక్టరు ఫీజు వంటి అనుబంధ ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పెట్టొచ్చు. షుగరు, బీపీ ఉన్న 68 ఏళ్ల తల్లికి ఈహెచ్ఎస్‌లో ఇవేవీ లేవు. కార్డులో పేరు చేరిన రోజునుంచే అర్హత.

నన్నడిగితే, ఉద్యోగికి సరిపోయేది సూపర్ టాప్-అప్. మొదటి 3 లక్షలో 5 లక్షలో మీరు చూసుకోండి, ఆ పైది మేం భరిస్తాం అనే పాలసీ. ప్రీమియం తక్కువ. ఆ మొదటి మొత్తం కార్డు భరించినా, మీ జేబు భరించినా కంపెనీకి అభ్యంతరం ఉండదు. ఒరిజినల్ బిల్లులు ఒక చోటే ఇవ్వగలం కాబట్టి, మొదట ఎక్కడ పెడుతున్నారో తేల్చుకుని, వాళ్ల దగ్గర సెటిల్‌మెంట్ లెటరూ ధ్రువీకరించిన నకళ్లూ తీసుకుని రెండో చోట మిగిలిన మొత్తానికి పెట్టుకోవాలి.

ఈ పక్కదారిలో ఉన్న అసలు నష్టం డబ్బుది కాదు. పథకం గురించి గట్టిగా అడగగలిగినవాళ్లు బయటికి దారి చూసుకుంటున్నారు. మిగిలేది అడగలేనివాళ్లు. పెద్ద అధికారి తల్లికి కార్డు చెల్లకపోతే మర్నాడు ట్రస్టులో ఫోన్లు మోగుతాయి. ఆ అధికారి పాలసీ మీద వైద్యం చేయించుకుంటే ఆ ఫోన్ మోగదు, అటెండరు తల్లికి కూడా కార్డు చెల్లదు.

ఇక ప్రభుత్వ పనే చేస్తూ ప్రభుత్వ ఉద్యోగి కానివాళ్ల సంగతి. మున్సిపాలిటీల్లో ఊడ్చేవాళ్లు, ఆసుపత్రుల్లో సెక్యూరిటీ, ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లు. జీతం నెలకు 21,000 దాటనంతవరకు వీళ్లు ఈఎస్ఐ అనే కార్మికుల బీమా పథకం కిందికి వస్తారు. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25. జీతం 15,000 అయితే కార్మికుడి నుంచి 113, యజమాని నుంచి 488 రూపాయలు. నగదు రహిత వైద్యంతో పాటు మన కార్డులో లేని సౌకర్యం ఒకటి ఇందులో ఉంది: జబ్బు పడి పని మానితే 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం. దీనికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా జమై ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టినదానికి జనవరి నుంచి జూన్ దాకా హక్కు వస్తుంది. కాంట్రాక్టరు జీతంలో కోసి, జమ చేయకపోతే ఈ హక్కు నిశ్శబ్దంగా పోతుంది. చందా మరుసటి నెల 15లోగా పడాలి. పది అంకెల బీమా నంబరుతో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. పక్క బల్ల దగ్గర పనిచేసే అవుట్‌సోర్సింగ్ తమ్ముడికి ఆ లెక్క ఎలా చూడాలో పర్మనెంట్ ఉద్యోగి చూపించడం కష్టమైన పని కాదు, అరుదుగా జరుగుతోందంతే.

ఏం అడగాలి

ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు కలిసి కూర్చునే జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ వచ్చే సమావేశానికి వెళ్లే నాయకులకు నా సూచన, చందా ఎంతన్న చర్చను పక్కన పెట్టండి. ఆసుపత్రి క్లెయిముకు చెల్లింపు గడువు రోజుల్లో చెప్పమనండి. గడువు దాటితే ట్రస్టు ఆసుపత్రికి వడ్డీ కట్టాలనే షరతు ఒప్పందంలో ఉండాలి. అది ఆసుపత్రుల మీద జాలితో కాదు, ఆ వడ్డీ భయమే మన కార్డును నడిపిస్తుంది. చందా డబ్బుకు వేరే ఖాతా, దానిలో ఉద్యోగుల ప్రతినిధులకు చోటు. ప్యాకేజీ ధరలను రెండేళ్లకోసారి సవరించే నియమం. తిరస్కరణ ఎప్పుడైనా కాగితం మీదే ఇవ్వాలనే నిబంధన.

ఈ చివరిది మిగతావాటన్నిటికంటే చవకైనది, రేపే మొదలుపెట్టగలిగినది. డెస్కు దగ్గర ఒక ముద్రించిన స్లిప్పు పుస్తకం చాలు. రోగి కార్డు నంబరు, వచ్చిన సమయం, ఏ జబ్బు, ఎందుకు చేర్చుకోలేదు, చెప్పినవారి పేరు, హోదా, సంతకం. ఒక ప్రతి రోగికి, ఒకటి వైద్యమిత్ర ద్వారా ట్రస్టుకు, ఒకటి పుస్తకంలో. ఆ నిబంధన వచ్చేదాకా ఉద్యోగి తనంతట తానే తెల్ల కాగితం మీద ఈ వివరాలు రాసి సంతకం అడగొచ్చు. ఇవ్వకపోతే వైద్యమిత్ర ఎదుటే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, అదే కాగితం మీద సమయంతో సహా రాసుకోవాలి. తర్వాత డబ్బు కట్టి వైద్యం చేయించుకోవలసి వచ్చినా, రీయింబర్స్‌మెంట్ ఫైలులో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వెనకే ఆ కాగితం పెట్టాలి. జిల్లాలోని సంఘం ఆఫీసుకు ఒక నకలు ఇవ్వాలి, అలాంటివి యాభై పోగైతే ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఏ నెలలో తిప్పి పంపిందో పేర్లతో, తేదీలతో ట్రస్టు ముందు పెట్టొచ్చు.